రన్ నొక్కే ముందు ఒక ఎస్టిమేట్: అమీర్‌పేట డేటా ఫ్యాకల్టీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సార్లకు, మేడమ్‌లకు,

మైత్రీవనం చుట్టుపక్కల, ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకుల్లో, ఇప్పుడు ఆన్‌లైన్ బ్యాచ్‌ల్లోనూ డేటా ఇంజినీరింగ్ చెబుతున్న మీ అందరికీ నమస్కారం. నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో డేటా టీమ్ చూస్తుంటాను. మా దగ్గర చేరేవాళ్లలో చాలామంది మీ క్లాసుల్లో కూర్చుని వచ్చినవాళ్లే. అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. మీ ల్యాబ్‌లో ఏ జాబ్ (డేటా మీద నడిపే ప్రోగ్రామ్) అయినా సరే, రన్ నొక్కే ముందు దానికి ఎంత ఖర్చవుతుందో పిల్లల చేత బోర్డు మీద రాయించండి. రన్ అయ్యాక నిజంగా ఎంతయిందో దాని పక్కన రాయించండి. మిగతా ఉత్తరమంతా అదెందుకు, అదెలా అన్నదే.

మీ పనిని తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. నాలుగేళ్ల బీటెక్‌లో లెఫ్ట్ జాయిన్‌కీ ఇన్నర్ జాయిన్‌కీ తేడా తెలియకుండా బయటపడ్డ కుర్రాడు మీ దగ్గర మూడు నెలలు కూర్చుంటే విండో ఫంక్షన్లు రాస్తున్నాడు, పార్టిషన్ అంటే చెబుతున్నాడు, ఎయిర్‌ఫ్లోలో డ్యాగ్ కట్టి చూపిస్తున్నాడు. ఇంటర్వ్యూలో కూర్చునే నాకు ఆ కష్టం కనిపిస్తుంది. కానీ ‘రియల్ టైమ్ ప్రాజెక్ట్’ గురించి పది నిమిషాలు గడగడా చెప్పిన అమ్మాయిని ‘ఈ పైప్‌లైన్ నెలకు ఎంత తింటుందమ్మా?’ అని అడిగితే మాత్రం ఆగిపోతుంది. కొందరు ‘క్లౌడ్ కదా సార్, వాడుకున్నంతే’ అంటారు. ఇంకొందరు ‘అది మేనేజర్ చూసుకుంటారు సార్’ అంటారు. ఆ మేనేజర్‌ని నేనే. నెల తిరిగి బిల్లు వచ్చాక చూసుకోవడం తప్ప నేను చేయగలిగింది తక్కువ. క్వెరీ రాసేవాళ్లు రాసేటప్పుడు చూసుకుంటేనే ఖర్చు తగ్గుతుంది.

సిలబస్‌కు కూడా ఒక వయసు ఉంటుంది. ఇప్పుడు మనం చెబుతున్న చాలా పాఠాలు హడూప్ అనే సాఫ్ట్‌వేర్ రోజుల్లో పుట్టినవి. అప్పట్లో కంపెనీ సర్వర్లు కొని ర్యాకుల్లో పెట్టేది. జాబ్ పది నిమిషాల్లో ముగిసినా, మూడు గంటలు లాగినా ఆ నెల కంపెనీ జేబులోంచి పోయేది ఒకటే. చెత్త క్వెరీ రాస్తే పడే శిక్ష, క్యూలో వెనక నిలబడ్డ పక్క టీమ్ వాళ్ల తిట్లు మాత్రమే. ఇప్పుడు ప్రతి క్వెరీకి విడిగా ధర ఉంది. సింటాక్స్ పెద్దగా మారలేదు కాబట్టి పాఠమూ మారలేదు. డబ్బు లెక్క మాత్రం పూర్తిగా మారిపోయింది.

మీ బ్యాచ్‌ల్లో సివిల్ చదివి ఐటీకి వచ్చినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను లేపి అడగండి, ఎస్టిమేట్ ఎలా వేస్తారని. ముందు పని పరిమాణం కొలుస్తారు. దాన్ని ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) రేటుతో హెచ్చవేస్తారు. క్వారీ నుంచి సైటుకు కంకర తోలడానికి లీడ్ చార్జీ (రవాణా ఖర్చు) విడిగా కలుపుతారు. పని అయ్యాక ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో కొలతలు రాసి, వాటి మీద బిల్లు పెడతారు. క్లౌడ్ జాబ్‌కు కావలసిందీ ఇదే: ఎంత డేటా చదువుతాం, ఎంతసేపు మెషీన్లు పట్టుకుంటాం, డేటాను ఎక్కడి నుంచి ఎక్కడికి తోలుతాం, ఇదంతా నెలకు ఎన్నిసార్లు. ఎస్టిమేట్ లేకుండా కల్వర్టు కూడా కట్టని చోటి నుంచి వచ్చిన పిల్లలు, ఇక్కడికి రాగానే ఎస్టిమేట్ లేకుండా రెండు టెరాబైట్లు స్కాన్ చేసేస్తున్నారు.

క్లాసులో వాడుకోదగ్గ ఉదాహరణ ఒకటి పూర్తిగా చేసి చూపిస్తాను. అంకెలు పాఠం కోసం అనుకున్నవి, రేట్లు మాత్రం నిజమైనవి. సిటీ బస్సుల టికెట్ల డేటా ఏడాదిది ఉందనుకుందాం. అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) నిల్వ అయిన ఎస్3లో సీఎస్‌వీ (మామూలు టెక్స్ట్) ఫైళ్లుగా 2 టెరాబైట్లు, 40 కాలమ్‌లు. దాన్ని అలా దాచడానికే నెలకు దాదాపు 50 డాలర్లు. దాని మీద, ఎస్3 ఫైళ్లను నేరుగా ప్రశ్నలడిగే సర్వీస్ అయిన అథీనాలో ఒక క్వెరీ: ఈ నెలలో ఏ రూట్‌లో ఎంత వసూలైంది? అథీనా చాలా రీజియన్లలో (డేటా సెంటర్లున్న ప్రాంతాల్లో) స్కాన్ చేసిన ప్రతి టెరాబైట్‌కు 5 డాలర్లు తీసుకుంటుంది. సీఎస్‌వీలో కావలసిన నాలుగు కాలమ్‌లను విడిగా తీసే దారి లేదు, ఫైలు మొత్తం చదవాల్సిందే. అంటే ఒక్కో రన్‌కు 10 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 900. ‘ఓస్, తొమ్మిది వందలే కదా’ అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

ఇప్పుడు ఆ క్వెరీని ఒక డ్యాష్‌బోర్డుకు తగిలించి, పావుగంటకోసారి రిఫ్రెష్ పెట్టమనండి. రోజుకు 96 సార్లు, నెలకు 2,880 సార్లు. 28,800 డాలర్లు. దాదాపు 26 లక్షల రూపాయలు, జీఎస్టీ 18 శాతం కాకుండానే. దాచడానికి 50 డాలర్లు అయిన డేటాను చూడటానికి 28,800. ఈ అంకెను బోర్డు మీద పెద్దగా రాసి, ఒక నిమిషం అలా ఉంచండి. క్లాసులో నిద్రపోతున్న చివరి బెంచీ కూడా లేస్తుంది.

తర్వాత ఒక్కో మెట్టూ దిగండి. డేటాను, కాలమ్‌ల వారీగా దాచే ఫార్మాట్ అయిన పార్కెట్‌లోకి మార్చితే కంప్రెషన్‌తో నాలుగో వంతుకు, అంటే 500 జీబీకి వచ్చిందనుకుందాం. నలభైలో నాలుగు కాలమ్‌లే చదువుతాం కాబట్టి సుమారు పదో వంతు, 50 జీబీ. పావు డాలరు. నెలవారీ పార్టిషన్ వేశాం, అంటే ఏ నెల డేటా ఆ నెలకు విడిగా పెట్టాం, ఒక నెలే కావాలి, కాబట్టి 4 జీబీ చిల్లర. సుమారు 2 సెంట్లు. అదే 2,880 రన్‌లకు ఇప్పుడు 60 డాలర్లు, 5,400 రూపాయలు. మార్చడానికి ఒక్కసారి 2 టెరాబైట్లు చదివినందుకు అయిన 10 డాలర్లు మొదటి రెండు రన్‌లలోనే తిరిగొచ్చేశాయి.

ఇక్కడితో ఆపకండి. చాలా ట్యూటోరియల్స్ ఇక్కడే చప్పట్లు కొట్టి ఆపేస్తాయి. ‘ఈ టికెట్ల డేటా ఎప్పుడెప్పుడు వస్తుంది?’ అని అడగండి. రాత్రి ఒక్కసారి లోడ్ అవుతుందంటే, పగలంతా పావుగంటకోసారి అదే జవాబు కోసం ఎందుకు డబ్బు కట్టడం? లోడ్ తర్వాత ఒక్కసారి నడిపి ఫలితాన్ని చిన్న టేబుల్‌లో దాచుకుంటే నెలకు 30 రన్‌లు, 60 సెంట్లు, 54 రూపాయలు. ఇరవయ్యారు లక్షల నుంచి యాభై నాలుగు రూపాయలకు వచ్చాం. ఇందులో ఆఖరి మెట్టుకు టెక్నాలజీతో పనే లేదు. అడగాల్సిన ప్రశ్న అడగడమే. నా మట్టుకు నాకు పార్కెట్ తెలిసిన ఫ్రెషర్ కంటే, ‘డేటా ఎప్పుడు మారుతుంది సార్?’ అని అడిగే ఫ్రెషర్ ఎక్కువ విలువైనవాడు.

గూగుల్ క్లౌడ్‌లోని బిగ్‌క్వెరీ చెప్పేవాళ్లకు ఇంకా సులువు. రన్ నొక్కకముందే ఈ క్వెరీ ఎంత డేటా చదువుతుందో ఎడిటర్‌లోనే రాసి చూపిస్తుంది. కమాండ్ లైన్‌లో అయితే డ్రై రన్ (నడపకుండా అంచనా మాత్రం చెప్పేది) ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. ఆ అంకెను టెరాబైట్లలోకి మార్చి రేటుతో హెచ్చవేయడమే పిల్లల పని. అమెరికా రీజియన్‌లో ఆన్‌డిమాండ్ రేటు టెరాబైట్‌కు 6.25 డాలర్లు, నెలలో మొదటి టెరాబైట్ ఉచితం. ఇక్కడ తప్పకుండా తీసేయాల్సిన భ్రమ ఒకటుంది: చివర్లో ‘లిమిట్ 10’ పెడితే ఖర్చు తగ్గుతుందని. మామూలు టేబుల్ మీద సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ) రాసి లిమిట్ 10 పెట్టినా టేబుల్ మొత్తానికీ బిల్లు పడుతుంది. తెర మీద కనిపించేది పది వరుసలే, చదివింది మాత్రం అన్నీ. క్లాసులో లిమిట్ పెట్టీ, తీసీ ఎడిటర్‌లో అంకె మారుతుందేమో చూపించండి. రెండు నిమిషాల పని, జీవితాంతం గుర్తుంటుంది. క్లస్టర్ చేసిన (కొన్ని కాలమ్‌ల ప్రకారం పేర్చిన) టేబుల్స్‌కు డ్రై రన్ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమేననీ, అసలు బిల్లు అంతకంటే తగ్గవచ్చనీ కూడా చెప్పండి. లేకపోతే లెక్క కలవలేదని పిల్లలు కంగారుపడతారు.

ఒక్కో క్వెరీకి గరిష్ఠంగా ఎన్ని బైట్లకు బిల్లు వేయొచ్చో ముందే పెట్టే సెట్టింగ్ కూడా అందులో ఉంది. అంచనా దాన్ని దాటితే క్వెరీ ఫెయిల్ అవుతుంది, డబ్బు పడదు. ల్యాబ్ అకౌంట్‌లో అది పెట్టని ఇన్‌స్టిట్యూట్ ఒక్కటి కూడా ఉండకూడదని నా కోరిక.

చాలా మెషీన్లకు పని పంచి నడిపే స్పార్క్ దగ్గరికి వస్తే లెక్క అంత తేలిక కాదు. అక్కడ చదివిన బైట్లకు కాదు, మెషీన్లు పట్టుకున్న సమయానికి బిల్లు. ఏడబ్ల్యూఎస్ గ్లూలో ఒక డీపీయూకు, అంటే 4 వర్చువల్ సీపీయూలు, 16 జీబీ మెమరీకి, గంటకు 0.44 డాలర్లు. పది డీపీయూల జాబ్ 20 నిమిషాలు నడిస్తే సుమారు 1.47 డాలర్లు, గంట పడితే 4.40. గుణకారం ఎవరైనా చేస్తారు. ఎంతసేపు నడుస్తుందో ముందే చెప్పడమే కష్టం. దానికి శాంపిల్ తప్ప వేరే దారి లేదు. మీలో కొందరు శాంపిల్ మీద నడిపి చూడమని ఇప్పటికే చెబుతున్నారు, సంతోషం. కానీ ఒక్క శాంపిల్ చాలదు. ఒక శాతం డేటాకు 2 నిమిషాలు పట్టిందని వందతో హెచ్చవేస్తే 200 నిమిషాలు వస్తుంది. పది శాతంతో కూడా నడిపి చూస్తే 11 నిమిషాలే పట్టిందనుకోండి. తొమ్మిది శాతం పెరిగితే తొమ్మిది నిమిషాలే పెరిగింది. అంటే ఒక నిమిషం స్టార్టప్‌కు పోతోంది, ఆపైన శాతానికో నిమిషం. మొత్తానికి 101 నిమిషాలు. అంచనా సగానికి తగ్గిపోయింది.

దీనికి ఎదురుగా పోయే సందర్భాలూ ఉన్నాయి. పది శాతం డేటా మెమరీలో పట్టేస్తుంది, పూర్తి డేటా పట్టక డిస్కు మీదికి ఒలికిపోతుంది. అప్పుడు గీత తిన్నగా సాగదు, పైకి లేస్తుంది. స్పార్క్ యూఐలో స్పిల్ కాలమ్ చూడటం నేర్పించారంటే ఆ ప్రమాదం ముందే పట్టుకుంటారు. శాంపిల్ తీసే పద్ధతిలోనూ ఒక మోసం ఉంది. రెండు టేబుల్స్ జాయిన్ చేయాలి, రెండింటి నుంచీ యాదృచ్ఛికంగా ఒక్కో శాతం తీశారు. సరిపోలే జంటలు ఒక శాతం ఉండవు, ఒక శాతంలో ఒక శాతమే మిగులుతాయి. జాయిన్ గాలిలో తేలిపోయినట్టు నడుస్తుంది, అంచనా అబద్ధమవుతుంది. రెండు టేబుల్స్‌ను కలిపే కాలమ్ (జాయిన్ కీ) మీద హ్యాష్ వేసి, రెండు వైపులా అవే కీలు వచ్చేట్టు తీయాలి. సీనియర్లు కూడా ఇక్కడ బోల్తా పడుతుంటారు.

స్క్యూ (కొన్ని కీల దగ్గరే డేటా పోగుపడటం) గురించి మీరు చెబుతూనే ఉంటారు, అది ఇంటర్వ్యూ ప్రశ్న కాబట్టి. కానీ దాన్ని వేగం సమస్యగానే చెబుతున్నారు, డబ్బు సమస్యగా చెప్పడం లేదు. తెలంగాణలోని 33 జిల్లాల డేటాను జిల్లా పేరుతో గ్రూప్ చేసి ప్రాసెస్ చేయమనండి. ములుగు టాస్క్ క్షణంలో అయిపోతుంది. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ టాస్క్‌లు అలా నడుస్తూనే ఉంటాయి. అవి ముగిసేదాకా పని లేని మెషీన్లు కూడా మీటరు తిప్పుతూనే కూర్చుంటాయి. పని లేని మెషీన్లను వదిలేసే ఆటోస్కేలింగ్ పెడితే కొంత నయం. ఇరవై నిమిషాల్లో ముగియాల్సిన జాబ్ ఒక్క కీ వల్ల గంట పడితే బిల్లు మూడింతలు. బరువైన కీని ముక్కలు చేసి పంచే సాల్టింగ్ గురించి ‘అది ఎందుకు?’ అంటే ‘పెర్ఫార్మెన్స్ కోసం’ అనే జవాబు కాకుండా, ఎన్ని డాలర్లు మిగిలాయో చెప్పగలిగితే ఆ క్యాండిడేట్‌ను నేను రెండో ప్రశ్న లేకుండా తీసుకుంటాను. సరే, రెండో ప్రశ్న కూడా అడుగుతాననుకోండి.

లీడ్ చార్జీల సంగతి. క్లౌడ్‌లోకి డేటా పంపడం మామూలుగా ఉచితమే, బయటికి తీయడానికే డబ్బు. ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్ నుంచి ఇంటర్నెట్‌లోకి పంపితే, నెలలో మొదటి 100 జీబీ దాటాక, జీబీకి సుమారు 11 సెంట్లు. రీజియన్ నుంచి రీజియన్‌కు పంపినా చార్జీ ఉంది. 2022 నవంబర్‌లో ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ తెరిచింది కదా, మన ఊళ్లోనే ఉందని మోజుపడి కంప్యూట్ ఇక్కడ పెట్టి, డేటా మాత్రం పాత ముంబై బకెట్‌లోనే వదిలేస్తే ప్రతి రన్‌కూ రవాణా ఖర్చు పడుతుంది. ఇక చిన్న ఫైళ్లు. ఎస్3లో ఫైలు రాసిన ప్రతిసారీ ఒక రిక్వెస్ట్, అమెరికా తూర్పు రీజియన్‌లో వెయ్యి రిక్వెస్టులకు అర సెంటు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. ఒక జాబ్ కోటి చిన్న ఫైళ్లు కక్కితే 50 డాలర్లు. రోజూ కక్కితే నెలకు 1,500. ఆ డేటా అంతా కలిపినా కొన్ని జీబీలే అయినా సరే, బిల్లు మాత్రం అంతే.

ఎస్టిమేట్‌లో దాదాపు అందరూ వదిలేసేది ఎన్నిసార్లు అన్నది. ‘ఈ జాబ్ ఒక డాలరు సార్’ అంటారు. రోజూ నడిచే జాబ్‌కు మూడేళ్ల పాత డేటా తిరిగి ప్రాసెస్ చేయాలని బిజినెస్ వాళ్లు అడిగిన రోజున అది 1,095 రన్‌లు. ఫెయిలైతే మళ్లీ నడిచే రీట్రైలు మూడు పెట్టారు, చివరి స్టెప్‌లో ఫెయిలయ్యే జాబ్ మొదటి నుంచీ నాలుగుసార్లు నడుస్తుంది. అన్నిటికీ మించి డెవలప్‌మెంట్. ఒక ఫిల్టర్ సరిగా పడిందో లేదో చూడటానికి పూర్తి టేబుల్ మీద పొద్దున్నుంచీ సాయంత్రం దాకా రన్ కొడుతూనే ఉంటారు. ప్రొడక్షన్‌లో నెలంతా అయ్యే ఖర్చు తయారీలో ఒక్క రోజులో అయిపోయిన జాబ్‌లు ఉంటాయి. ఈ అలవాటు ల్యాబ్‌లోనే పడుతుంది, ల్యాబ్‌లోనే మానిపించాలి.

మీరు అనబోయే మాటలు ఊహించగలను. రేట్లు మారిపోతాయి కదా అంటారు. నిజమే. 2023 జులైలో బిగ్‌క్వెరీ 5 డాలర్ల రేటు 6.25కు పెరిగింది. ఎస్‌ఎస్‌ఆర్ కూడా మారుతుంది, అందుకని సివిల్ వాళ్లు ఎస్టిమేట్ మానేశారా? మెటీరియల్‌లో రేటు అచ్చు వేయకండి. ప్రైసింగ్ పేజీ తెరిచి, ఆ రోజు తేదీతో రేటు రాసుకోవడం పాఠంలో భాగం చేయండి. డాలరు రేటు, జీఎస్టీ కూడా పిల్లలే కలుపుకోవాలి.

ల్యాబ్‌కు క్రెడిట్ కార్డ్ ఎవరు ఇస్తారంటారు. బిగ్‌క్వెరీ శాండ్‌బాక్స్‌కు కార్డే అవసరం లేదు. నెలకు ఒక టెరాబైట్ క్వెరీలు, 10 జీబీ నిల్వ ఉచితం. టేబుల్స్ 60 రోజుల్లో పోతాయి, బ్యాచ్‌కు ఏమీ కాదు. పబ్లిక్ డేటాసెట్లు కావలసినన్ని ఉన్నాయి. తండ్రి కార్డు పెట్టి సొంత అకౌంట్ తెరిచే పిల్లలకు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పండి: బడ్జెట్ అలర్ట్ అంటే కబురు మాత్రమే, కళ్లెం కాదు. ఏడబ్ల్యూఎస్‌లోనైనా గూగుల్ క్లౌడ్‌లోనైనా బడ్జెట్ దాటితే మెయిల్ వస్తుంది, మెషీన్ దానంతటది ఆగదు. ఆ మెయిల్ కూడా కొన్ని గంటలు ఆలస్యంగా రావచ్చు. ల్యాబ్ అయ్యాక నోట్‌బుక్ మూసేస్తే సరిపోదు. నాట్ గేట్‌వే (లోపలి మెషీన్లను ఇంటర్నెట్‌కు కలిపే సర్వీస్) ఒకటి మరిచిపోయి వదిలేస్తే అమెరికా రేట్లలోనే నెలకు 33 డాలర్ల దాకా, దానిలోంచి ఒక్క బైటు పోకపోయినా. హాస్టల్ ఫీజుకే ఇబ్బందిపడి వచ్చిన పిల్లాడికి మూడు వేలు చిన్న మొత్తం కాదు.

ఫ్రెషర్లకు ఇదంతా అవసరమా అని కూడా అడుగుతారు. సీనియర్ డిజైన్ చేస్తాడు, కానీ రోజూ క్వెరీలు కొట్టేది ఫ్రెషరే.

నేను అడుగుతున్నది కొత్త కోర్సు కాదు, కొత్త ఫీజూ కాదు. ఉన్న బ్యాచ్‌లో రెండు క్లాసులు దీనికి ఇవ్వండి. ఆ తర్వాత ప్రతి ల్యాబ్ షీట్‌లో రెండు గళ్లు పెట్టండి, అంచనా అని ఒకటి, అయింది అని ఒకటి. రెండింటి మధ్య మూడు రెట్ల తేడా వచ్చినా తిట్టకండి, ఎక్కడ తేడా కొట్టిందో ఒక్క వాక్యం రాయించండి. బ్యాచ్ ముగిసేసరికి ఆ వాక్యాలే వాళ్లకు మంచి ఇంటర్వ్యూ మెటీరియల్ అవుతాయి.

మాక్ ఇంటర్వ్యూల్లో వాడుకోవడానికి మా దగ్గర అడిగే ప్రశ్న ఒకటి ఇస్తున్నాను, మొహమాటం లేకుండా తీసుకోండి. ‘రోజుకు 300 జీబీ లాగ్స్ వస్తాయి. గత ఏడు రోజుల రిపోర్టు ప్రతి గంటకూ కావాలి. నెల ఖర్చు చెప్పు.’ మంచి క్యాండిడేట్ జవాబు చెప్పడు, ముందు అడుగుతాడు: ఏ ఫార్మాట్? ఎన్ని కాలమ్‌లు? ఏ రీజియన్? రాత్రి రెండింటికి ఈ రిపోర్టు ఎవరు చూస్తారు? గంటగంటకూ ఏడు రోజులూ మళ్లీ చదవాలా, లేక కొత్త గంట ఒక్కటే కలిపితే చాలా? అవి అడిగాక కాగితం మీద వేసే లెక్క కొంచెం అటూ ఇటూ అయినా మేం పట్టించుకోం.

మీలో ఎవరైనా ఈ రెండు క్లాసులు పెడతామంటే శని, ఆదివారాల్లో వచ్చి ఒకటి నేనే చెబుతాను. ఫీజు వద్దు. బ్లూ లైన్ మెట్రోలో నేరుగా వచ్చేయొచ్చు, పార్కింగ్ బాధ కూడా ఉండదు.

ఇట్లు,
మాదాపూర్ నుంచి ఒక డేటా ఇంజినీరు